ఈదురుగాలిలో ఇద్దరి పడవ: క్రూ ఎందుకు దొరకరు, దొరికాక ఏం చేయాలి

ఇద్దరు నడిపే తెరచాప పడవకు గాలి కంటే ముందు కావలసింది రెండో మనిషి. వర్షాకాలంలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మీద గాలి లేచి పందేలు జరిగే రోజుల్లో వెళ్లి చూడండి. నీళ్ల మీద ఎక్కువగా తిరిగేవి ఒక్కరే నడిపే పడవలు: పిల్లల ఆప్టిమిస్ట్‌లు, పెద్దవాళ్ల ఐఎల్‌సీఏలు, అంటే మొన్నమొన్నటి దాకా లేజర్లు అని పిలిచినవి. 420, 470, ఎంటర్‌ప్రైజ్ లాంటి ఇద్దరి డింగీలు (చిన్న, తేలికపాటి తెరచాప పడవలు) వాటి పక్కన కొద్దిగానే కనిపిస్తాయి. ఎందుకని అడిగితే ‘క్రూ దొరకలేదు’ అంటారు. ఇంకొంచెం కదిపితే ‘ఇంత గాలిలో ఎవరు వస్తారండీ’ అంటారు. ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. జోరు గాలిలో ఆ పడవ ఎందుకు కష్టమో అర్థమైతే, ఎలాంటి క్రూని వెతకాలో కూడా తేలుతుంది.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. వెనక కూర్చుని చుక్కానినీ, మెయిన్ అనే పెద్ద తెరచాపనూ చూసుకునేవాళ్లు హెల్మ్. ముందు ఉండి, జిబ్ అనే చిన్న తెరచాపనూ పడవ వాలకుండా నిలిచే సమతూకాన్నీ చూసుకునేవాళ్లు క్రూ. చాలామంది క్రూ అంటే లారీలో క్లీనర్ లాంటివాళ్లు అనుకుంటారు. పిల్లగాలి వీచే రోజు ఆ ఆలోచనతోనూ నెట్టుకురావచ్చు. గాలి పదిహేను, ఇరవై నాట్లకు చేరాక అలా కుదరదు.

గాలి లెక్క

గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. పది నాట్లంటే గంటకు సుమారు 18.5 కిలోమీటర్లు, ఇరవై నాట్లంటే 37. బైక్ నడిపేవాళ్లకు ఇవి చిన్న అంకెలే. కానీ పది నాట్లలో హాయిగా నడిపిన పడవనే ఇరవై నాట్లలో నడిపితే, అదే గుడ్డ నాలుగింతల బలంతో లాగుతుంది. ఆ పైన గస్ట్‌లు, అంటే ఉన్నట్టుండి విసిరే గాలులు, ఉంటాయి. ఇరవై నాట్ల గాలిలో ఇరవై ఆరు నాట్ల గస్ట్ వస్తే ఆ కొన్ని క్షణాలు ఒత్తిడి మరో 70 శాతం దాకా పెరుగుతుంది. పడవలు బోల్తా పడేది ఎక్కువగా ఆ క్షణాల్లోనే.

పెద్ద యాచ్‌లకు అడుగున సీసమో ఇనుమో బరువుగా ఉండి పడవను నిలబెడుతుంది. డింగీకి అలాంటిదేమీ లేదు. లోపలున్న మనుషులే దాని బరువు. వాళ్లు పడవ మధ్యగీతకు ఎంత దూరంగా, ఎంత బరువుతో వేలాడగలరన్నదే మొత్తం లెక్క. ఎంటర్‌ప్రైజ్‌లో ఇద్దరూ పాదాలను పట్టీల కింద దూర్చి, నడుము అంచు దాటేలా వెనక్కి వాలుతారు. దీన్ని హైకింగ్ అంటారు. 420, 470లలో క్రూకి ట్రాపీజ్ ఉంటుంది. మాస్ట్ అనే తెరచాప స్తంభం పైనుంచి దిగే తీగకు నడుము పట్టీ కొక్కెం తగిలించుకుని, పాదాలు పడవ అంచున ఆనించి, ఒళ్లంతా నీళ్ల మీదికి చాపుతారు.

470నే తీసుకుందాం. దాని వెడల్పు 1.69 మీటర్లు. హైకింగ్ చేస్తున్న హెల్మ్ శరీర భారం మధ్యగీతకు సుమారు 1.1 మీటర్ల దూరంలో ఉంటుందనుకుంటే, 60 కిలోల మనిషి ఇచ్చే బలం, బరువును దూరంతో గుణిస్తే, 66. ట్రాపీజ్ మీదున్న 70 కిలోల క్రూ భారం సుమారు 1.7 మీటర్ల దూరాన పనిచేస్తుంది కాబట్టి 119. అంటే పడవను నిలబెట్టే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ముందున్న మనిషిదే. క్రూని సహాయకుడు అనే ముందు ఈ అంకె గుర్తు చేసుకోవాలి.

ట్రాపీజ్ పుట్టుక కూడా ఈ విషయమే చెబుతుంది. 1938లో ఇంగ్లండ్‌లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్ పందెంలో జాన్ వింటర్, పీటర్ స్కాట్ తమ ‘థండర్ అండ్ లైట్నింగ్’ పడవలో తొలిసారి దాన్ని వాడి గెలిచారు. అంటార్కిటికా అన్వేషకుడు స్కాట్ కొడుకే ఈ పీటర్ స్కాట్. ఒక మనిషిని ఇంకో అరమీటరు బయటికి పంపడం వల్ల వచ్చిన లాభం ఎంత పెద్దదంటే, ఆ తరగతి పడవల్లో ట్రాపీజ్‌ను వెంటనే నిషేధించారు.

ఈ లెక్క చూసి ‘అయితే బరువైన క్రూ దొరికితే చాలు’ అనుకోవడం తేలిక. నేను ఒప్పుకోను. పై ఉదాహరణలో క్రూ 70కి బదులు 60 కిలోలే ఉంటే మొత్తం బలం 185 నుంచి 168కి, అంటే సుమారు తొమ్మిది శాతం తగ్గుతుంది. ఆ లోటును కిక్కర్ (మెయిన్ అడుగున ఉండే అడ్డకర్ర, అంటే బూమ్‌ను కిందికి లాగేది), కన్నింగ్‌హామ్ (మెయిన్ ముందంచును కిందికి గుంజేది) తాళ్లు బిగించి మెయిన్‌ను చదును చేసి, పడవ అడుగున నీళ్లలోకి దిగే పలక, సెంటర్‌బోర్డ్‌ను కాస్త పైకి లేపి చాలావరకు పూడ్చుకోవచ్చు. సమయానికి జిబ్ వదలని మనిషితో వచ్చే నష్టాన్ని ఏ తాడుతోనూ పూడ్చలేం. పైగా గాలి పడిపోయిన రోజు ఆ అదనపు బరువే పడవను వెనక్కి లాగుతుంది.

ఎవరు ముందుండాలి, ఎవరు వెనక ఉండాలి అన్నదానికి కూడా ఒకే సూత్రం లేదు. 470 తరగతి పారిస్ 2024 ఒలింపిక్స్‌లో తొలిసారి మిక్స్‌డ్ జట్లకు మారింది. బంగారు పతకం గెలిచిన ఆస్ట్రియా జట్టులో హెల్మ్ లారా వడ్లావ్, క్రూ లూకాస్ మేర్. రజతం గెలిచిన జపాన్ జట్టులో హెల్మ్ కేజు ఒకాడా, క్రూ మిహో యోషియోకా. ఒకచోట పురుషుడు ట్రాపీజ్ మీద, ఒకచోట మహిళ. రెండు పద్ధతులూ పతకం దాకా వచ్చాయి.

క్రూ ఎందుకు దొరకరు

దీనికి మూలం పిల్లలకు నేర్పే క్రమంలోనే ఉంది. మన పిల్లలు ఆప్టిమిస్ట్‌తో మొదలుపెడతారు. సుమారు రెండు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల చిన్న పడవ, ఒక్క పిల్లాడో పిల్లో నడుపుతారు. పదిహేనేళ్ల వయసు దాకా అందులోనే పోటీపడతారు. అన్నేళ్లూ చుక్కాని వాళ్ల చేతిలోనే ఉంటుంది. తర్వాత 420కో 29ఈఆర్‌కో మారాలంటే ఇద్దరిలో ఒకరు చుక్కాని వదులుకోవాలి. అన్నేళ్లు సొంతంగా నిర్ణయాలు తీసుకున్న పిల్లకు అది దిగిపోవడంలా అనిపిస్తుంది.

ఆ పిల్లకు ఇంకో దారి తెరిచే ఉంది. ఐఎల్‌సీఏలో ఒకే హల్ (పడవ ఒడలు) మీద మూడు సైజుల తెరచాపలు: 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లవి. ఎదిగేకొద్దీ తెరచాప మార్చుకుంటూ జీవితాంతం ఒంటరిగానే నడపొచ్చు. ఎవరి వీలు కోసమూ ఆగనక్కర్లేదు. ఐఎల్‌సీఏ అంటే నాకు గౌరవమే. కానీ అది క్లబ్బుల్లో ఇద్దరి పడవలకు కావలసిన మనుషులను తనవైపు లాగేసుకుందన్నది నిజం.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఇంటర్ తోడవుతుంది. ఇద్దరి పడవకు మారే వయసు, ఈఏపీసెట్, జేఈఈ కోచింగ్ మొదలయ్యే వయసు ఒకటే. ఒంటరి సెయిలర్ హాస్టల్‌కు వెళితే ఆగేది ఒకరి ఆటే. జట్టులో ఒకరు వెళితే ఇద్దరి ఆటా ఆగుతుంది. తల్లిదండ్రుల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. అందుకే కోచ్‌లు జట్టు కట్టించేటప్పుడు పిల్లల బరువుతో పాటు వచ్చే రెండేళ్ల చదువు ప్రణాళిక కూడా అడగాలి. సైనిక దళాల జట్లకు ఉన్న పెద్ద సౌకర్యం ఇక్కడే ఉంది. ఇద్దరూ ఒకేచోట ఉంటారు, సాధనకు కలిసి సమయం దొరుకుతుంది. సికింద్రాబాద్ ఈఎంఈ, పుణె సీఎంఈ లాంటి సైనిక కేంద్రాలు ఏళ్లుగా ఈ ఆటను నిలబెట్టడానికి అదొక కారణం.

ఇక పేరు. వార్తల్లో, మాటల్లో హెల్మ్ పేరే ముందు వస్తుంది, ఒక్కోసారి ఆ పేరొక్కటే వస్తుంది. మన దేశ చరిత్ర చూస్తే అలా ఉండాల్సిన పని లేదు. 1982 ఆసియా క్రీడల్లో ముంబయి తీరంలో ఫైర్‌బాల్ తరగతిలో బంగారు పతకం ఫారుఖ్ తారాపోర్, జరీర్ కరంజియా జంటది. 1993-94 ఖేల్‌రత్న పురస్కారాన్ని సెయిలింగ్‌కు హోమీ మోతీవాలా, పి.కె.గార్గ్ ఇద్దరూ కలిసి అందుకున్నారు. పేద కుటుంబాల పిల్లలకు నేర్పే హైదరాబాద్ యాచ్ క్లబ్‌లో ఎదిగిన ప్రీతి కొంగర, సుధాంశు శేఖర్‌తో కలిసి 470 మిక్స్‌డ్‌లో దేశం తరఫున పోటీపడింది. జట్టుగా ఆడే దారి మనకు కొత్తది కాదని పిల్లలకు ఇలాంటి పేర్లతో చెప్పాలి.

ముందున్న మనిషి చేసే పని

హుస్సేన్‌సాగర్‌లో వర్షాకాలపు గాలి ప్రధానంగా పడమటి వైపు నుంచి వస్తుంది. అంటే నెక్లెస్ రోడ్ వైపు చెట్లనూ భవనాలనూ దాటి నీళ్ల మీదికి దిగుతుంది. సముద్రపు గాలిలా ఒకే తీరుగా ఉండదు. ముక్కలుముక్కలుగా, దిక్కు మార్చుకుంటూ వస్తుంది. ఇలాంటి చోట క్రూ మొదటి పని చూడటం. గస్ట్ వచ్చే ముందు నీటి మీద నల్లటి మచ్చ కదులుతూ వస్తుంది. హెల్మ్ చూపు తెరచాప మీద, ఎదురయ్యే అల మీద ఉంటుంది కాబట్టి ఆ మచ్చను చూసి ‘గస్ట్... మూడు, రెండు, ఒకటి’ అని చెప్పాల్సింది క్రూ.

ఆ లెక్క పూర్తయ్యేసరికి ఇద్దరూ బయటికి వాలి ఉండాలి. గస్ట్ తగిలిన క్షణాన హెల్మ్ మెయిన్ తాడును కాస్త వదలాలి. పడవ పక్కకు వాలకుండా ముందుకు దూకుతుంది. వెంటనే మళ్లీ లాగాలి. ఈ వరస ఒక్క సెకను ఆలస్యమైతే పడవ వాలుతుంది. వాలిన పడవ తనంతట తానే గాలికి ఎదురు తిరగబోతుంది. దాన్ని ఆపడానికి హెల్మ్ టిల్లర్‌ను, అంటే చుక్కానిని తిప్పే కర్రను, బలంగా లాగితే చుక్కాని బ్రేకులా పనిచేస్తుంది. చేతులు నొప్పి పుట్టేలా టిల్లర్ లాగుతూ ‘గాలి ఎక్కువైంది’ అనుకునే హెల్మ్‌లు చాలామంది. పడవను చదునుగా నిలిపితే అదే గాలిలో టిల్లర్ రెండు వేళ్లకు లొంగుతుంది.

పెద్ద గస్ట్‌లో మెయిన్ ఒక్కటే వదిలి జిబ్ బిగించి ఉంచితే పడవ ముక్కు గాలివాలుకు నెట్టుకుపోతుంది, పక్క మొత్తం గాలికి దొరుకుతుంది. కాబట్టి జిబ్ కూడా కొంచెం సడలాలి. జోరు గాలిలో జిబ్ తాడును క్లీట్‌లో, అంటే తాడును పట్టి ఉంచే బిగింపులో, ఇరికించి మర్చిపోకూడదు. చేతిలోనే ఉండాలి, లేదా ఒక్క గుంజుతో బయటికి రావాలి. క్లీట్‌లో ఇరుక్కున్న జిబ్ కారణంగా పడ్డ పడవలే గాలి కారణంగా పడ్డవాటి లెక్కలో చేరిపోతుంటాయి.

ఇక అందరినీ భయపెట్టేది జైబ్, అంటే గాలివాలున పోతూ తెరచాపను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చడం. బూమ్ తల మీదుగా విసురుగా వస్తుంది. భయపడ్డవాళ్లు చేసే సహజమైన పని, ముందు పడవను నెమ్మది చేయడం. అదే పొరపాటు. వెనక నుంచి ఇరవై నాట్ల గాలి వీస్తుండగా పడవ ఎనిమిది నాట్లతో పోతోందనుకోండి. తెరచాపకు తగిలేది పన్నెండు నాట్లే. అదే పడవను మూడు నాట్లకు తగ్గిస్తే తగిలేది పదిహేడు. ఒత్తిడి వర్గంతో పెరుగుతుంది కాబట్టి బూమ్ మీద భారం రెట్టింపవుతుంది. పడవ అల మీద జారుతూ వేగంగా పోతున్నప్పుడే జైబ్ చేయాలి. ఆ క్షణాన్ని హెల్మ్ ఎంచుకుంటారు. క్రూ కూడా అదే క్షణంలో అటు పక్కకు మారాలి, కిక్కర్ దగ్గర మెయిన్‌ను గుంజి బూమ్‌ను దాటించాలి. ఇద్దరిలో ఒకరు ముందు కదిలినా పడవ నీళ్లలోకే.

అంత నమ్మకం ఇంకా కుదరలేదంటే మరో మార్గం ఉంది. జైబ్ చేయకుండా గాలికి ఎదురు తిరిగి, టాక్ చేసి (పడవ ముక్కును గాలికి అడ్డంగా దాటించి పక్క మార్చి), మళ్లీ గాలివాలుకు దిగడం. ఇరవై ముప్ఫై మీటర్లు పోతాయి. బోల్తా పడితే పోయే నిమిషాల ముందు అదేమంత నష్టం కాదు.

నేరుగా గాలివాలున పోవడం చూడటానికి తేలిగ్గా ఉంటుంది, నిజానికి అక్కడ పడవ ఊయలూగి గాలి వచ్చే వైపుకే పడిపోతుంది. నేరుగా కాకుండా కొంచెం ఏటవాలుగా పోవాలి. ఇద్దరూ వెనక్కి జరగాలి, లేదంటే ముక్కు అలలోకి దూరుతుంది. కిక్కర్ మరీ వదులు చేయకూడదు. ఊగడం మొదలైతే మెయిన్‌ను లోపలికి లాగాలి.

ఎవరిని వెతకాలి

మొదట ఐఎల్‌సీఏ గుంపులోనే చూడండి. పెద్ద తెరచాప ఉన్న ఐఎల్‌సీఏ 7ను జోరు గాలిలో నిలపాలంటే ఎనభై కిలోల దరిదాపుల్లో ఉండాలి. అరవై, అరవై అయిదు కిలోల పెద్దవాళ్లు గాలి లేచిన ప్రతిసారీ అందులో అలసిపోయి వెనకబడతారు. ఇద్దరి పడవలో ఆ బరువు చక్కగా సరిపోతుంది, నేర్చుకున్న విద్య ఎలాగూ ఉంది. పడవ లేక ఆగిపోయిన కోర్సు విద్యార్థులు, ఆప్టిమిస్ట్ పిల్లల్ని దించి గట్టున ఎదురుచూసే తల్లిదండ్రులు, విశాఖ, కాకినాడల్లో నేవీ ఎన్‌సీసీలో తెరచాప పట్టిన కుర్రాళ్లు, అమ్మాయిలు, రాళ్లెక్కే అలవాటున్నవాళ్లు, వీళ్లంతా మంచి క్రూ కాగలరు. రాళ్లెక్కేవాళ్లకు తాడు మీద నమ్మకం, పట్టు బలం ముందే ఉంటాయి. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉన్న మనవాళ్లకు పని ఇంకా తేలిక. అక్కడి క్లబ్బుల్లో పడవ లేనివాళ్లను క్రూగా పిలవడం మామూలు విషయం.

మనిషిని చూసేటప్పుడు నా వరస ఇది: చెప్పిన రోజు వస్తారా, నీళ్లలో పడ్డాక నెమ్మదిగా ఉంటారా, ఆ తర్వాతే బరువు. పిలిచేటప్పుడే అన్నీ నిజం చెప్పాలి. ఎంత గాలిలో వెళతాం, ఖర్చు ఎవరిది, ఏడాదిలో ఎన్ని వారాంతాలు కావాలి, ఈత ఎంత రావాలి. ‘ఊరికే రండి, సరదాగా ఉంటుంది’ అని పిలిచి మొదటి రోజే ఇరవై నాట్లలోకి తీసుకెళితే ఆ మనిషి మళ్లీ రారు.

మొదటి రోజు పది నాట్లు మించకూడదు. ఆ రోజే రక్షణ పడవను దగ్గర పెట్టుకుని కావాలనే బోల్తా కొట్టించాలి. పడగానే ఒకరి పేరు ఒకరు పిలిచి జవాబు వినాలి. పడవను వదిలి ఈదకూడదు. ఒకరు సెంటర్‌బోర్డ్ దగ్గరికి వెళ్లాలి, ఇంకొకరు లోపలి వైపు తాళ్లన్నీ వదిలారో లేదో చూసి, హల్‌కు ఆనుకుని తేలాలి. పడవ లేచేటప్పుడు ఆ రెండో మనిషిని తనతోపాటు లోపలికి ఎత్తుకుంటుంది, మొదటి మనిషిని వాళ్లు లాగుతారు. మన చెరువుల్లో అడుగున బురద ఎక్కువ. లోతు తక్కువ ఉన్నచోట పడవ పూర్తిగా తలకిందులైతే మాస్ట్ బురదలో దిగబడి విరగొచ్చు. అందుకే మొదటి మనిషి సెంటర్‌బోర్డ్ అందుకోవడంలో ఆలస్యం పనికిరాదు. ట్రాపీజ్ వాడేవాళ్ల నడుము పట్టీకి ఒక్క గుంజుతో విడిపోయే కొక్కెం తప్పనిసరి. దాన్ని నీళ్లలో, కళ్లు మూసుకుని విడదీసే సాధన చేయాలి.

ఇద్దరూ వాడే మాటలు ముందే అనుకోవాలి. సగం ఇంగ్లిష్, సగం హిందీ కలిపి వాక్యాలు చెప్పే తీరిక గస్ట్‌లో ఉండదు. ‘వదులు’, ‘లాగు’, ‘బయటికి’, ‘లోపలికి’ చాలు. హెల్మ్ అరుపులు ఆపుకోవాలి. క్రూలు మానేయడానికి చలి, దెబ్బలు, గాలి కంటే ఎక్కువగా కారణమయ్యేది వెనక నుంచి వచ్చే ఆ కేకలేనని నా గట్టి నమ్మకం. గట్టుకు తిరిగొచ్చేటప్పుడు చుక్కాని క్రూకి ఇవ్వండి. వాళ్లకు ఆట పూర్తిగా అర్థమవుతుంది, మీకు ముందు పని ఎంత కష్టమో ఒంటికి తెలుస్తుంది.

పందెం లెక్క

పందెం మొదలయ్యే సిగ్నల్ వరస అయిదు, నాలుగు, ఒకటి, సున్నా నిమిషాలు. జోరు గాలిలో గీత దగ్గర గుంపులో తెరచాపలు కొట్టుకుంటూ నిలబడటం మంచిది కాదు. గుడ్డ పాడవుతుంది, పడవ అదుపు తప్పుతుంది. గీత మీద రద్దీ లేని చోటు చూసుకుని, కాస్త వెనక నుంచి వేగంతో రావడమే కొత్త జట్టుకు తగిన పని.

ఆ తర్వాత పూర్తి చేయడమే గెలుపులో పెద్ద భాగం. మామూలు స్కోరింగ్‌లో ఎన్నో స్థానమో అన్ని పాయింట్లు, తక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు. పూర్తి చేయనివాళ్లకు సిరీస్‌లో చేరిన పడవల సంఖ్యకు ఒకటి కలిపి ఇస్తారు. పదిహేను పడవలున్నాయి, ఈదురుగాలిలో ఆరు మధ్యలో తప్పుకున్నాయి అనుకోండి. జైబ్ చేయకుండా చుట్టూ తిరిగి, ఎక్కడా సాహసం చేయకుండా చిట్టచివర వచ్చిన జట్టుకు తొమ్మిది పాయింట్లు. వాళ్లకంటే ఎంతో వేగంగా పోయి తప్పుకున్న జట్టుకు పదహారు. సిరీస్‌లో ఒక చెడ్డ ఫలితాన్ని తీసేసే వీలు సాధారణంగా ఉంటుంది, రెండోసారి పడితే మాత్రం లెక్కలో ఉండిపోతుంది.

అయితే ఈ లెక్క కోసం ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. పందెంలో దిగాలా, కొనసాగాలా అన్న నిర్ణయం ఆ పడవదేనని అంతర్జాతీయ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. నిర్వాహకులు జెండా ఎత్తారు కాబట్టి వెళ్లి తీరాలని లేదు. ప్రమాదంలో ఉన్నవాళ్లకు వీలైనంత సాయం చేయడం మాత్రం అందరికీ తప్పనిసరి. హుస్సేన్‌సాగర్‌లో పడమటి గాలికి అదుపు తప్పిన పడవ కొట్టుకుపోయేది ట్యాంక్‌బండ్ రాతి కట్ట వైపే. కాబట్టి ఇద్దరి ఒంట్లో ఓపిక ఉండగానే వెనక్కి తిరగాలి.

ఇందులో క్రూకి సగం హక్కు ఉంది. అలసట ముందుగా తెలిసేది ట్రాపీజ్ మీద వేలాడే మనిషికే. క్రూ ‘చాలు’ అంటే వాదన లేకుండా పడవ గట్టుకు మళ్లాలి. ఈ షరతును క్రూని అడిగిన మొదటి రోజే, ఖర్చులు, వారాంతాలు మాట్లాడుకునేటప్పుడే చెప్పేయండి.